తొమ్మిదిసార్లు మెరుగు పెట్టిన ఉంగరం: ఒక వైట్ గోల్డ్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఉంగరం తెచ్చిన ఆవిడ ఒప్పుకున్నారు. పేరు, ఊరు, ఉద్యోగం, ఉంగరం లోపల చెక్కించుకున్న అక్షరాలు ఇక్కడ ఉండవు. తూకాలు, కొలతలు మాత్రం నా రిజిస్టర్‌లో రాసుకున్నవి.

నేను నగల మరమ్మతు చేసేవాణ్ణి. కొత్త నగ చేయడం కన్నా వాడిన నగను బాగుచేయడమే నా పనిలో ఎక్కువ. వైట్ గోల్డ్ (వేరే లోహాలు కలిపి తెల్లగా మార్చిన బంగారం) పెళ్లి ఉంగరం మీద గీతలు పడ్డాయని వారానికి ఒకరైనా వస్తారు. మెరుగు పెట్టి, రోడియం అనే తెల్లటి లోహం పూత వేసి పంపించేస్తే వాళ్లూ సంతోషంగా వెళ్తారు. చాలా ఏళ్లు నేనూ అలాగే చేశాను. ఆ పని ఉంగరాన్ని ఏం చేస్తోందో లెక్కతో సహా నాకు చూపించింది ఈ కేసే.

నేపథ్యం

ఆవిడకు పెళ్లయి ఆరేళ్లు. ఉంగరం 18 క్యారెట్ల వైట్ గోల్డ్, 3 మిల్లీమీటర్ల వెడల్పు, రాళ్లు లేని సాదా పట్టీ. అద్దంలా మెరుగు పెట్టి, పైన రోడియం పూత వేసినది. భర్తదీ అదే మోడల్, వెడల్పు మాత్రం 5 మిల్లీమీటర్లు. రెండూ ఒకే రోజు, ఒకే చోట కొన్నారు. పెళ్లి ఉంగరానికి ఆనుకుని అదే వేలికి ఆవిడ ఇంకో ఉంగరం పెట్టుకుంటారు. దానికి ఒకే వజ్రం, రాయిని పట్టుకునే నాలుగు లోహపు కాళ్ల మీద కూర్చున్నది.

పని గురించి ఇంతవరకే చెబుతాను. రోజంతా స్టీలు పిడులు పట్టుకుని తోయడం, లాగడం ఉంటుంది. చేతులు పదే పదే కడుక్కోవాలి. బల్లలు తుడిచే ద్రావణంలో బ్లీచ్ ఉంటుంది. పెళ్లి ఉంగరం ఎప్పుడూ వేలికే ఉంటుంది. వజ్రపుటుంగరం పనికి వెళ్లేటప్పుడు ఒక్కోసారి తీస్తారు, ఒక్కోసారి తీయరు.

ఆరేళ్లలో వేరే చోట తొమ్మిదిసార్లు ఉంగరానికి మెరుగు పెట్టించి రోడియం వేయించారు. మొదట ఏడాదికోసారి, తర్వాత ఆరు నెలలకోసారి, చివరికి నాలుగు నెలలకే.

ఆవిడ చెప్పిన సమస్య

"ఎన్నిసార్లు వేయించినా నెల తిరక్కుండానే గీతలు. అరచేతి వైపు పసుపు పచ్చగా బయటపడుతోంది. అసలిది మంచి బంగారమేనా? లేక వాళ్లు వేసే రోడియం నాసిరకమా?" అని అడిగారు. ఆ గొంతులో కోపం కన్నా టెన్షన్ ఎక్కువ. పెళ్లి ఉంగరం పాడైపోతోందంటే మనిషికి వస్తువు పాడైనట్టు మాత్రమే ఉండదు. కరిగించి ఇంకోటి చేయించుకోమంటే దానికీ సిద్ధపడి వచ్చారు.

గీతలు పడకూడదు, రంగు మారకూడదు. ఆవిడ కోరిక ఇంతే. ఈ రెండూ ఒకే సమస్య అని ఆవిడ అనుకున్నారు. నేనూ ఆ రోజు అలాగే అనుకున్నాను. అవి రెండు వేర్వేరు సమస్యలని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

భూతద్దం కింద

పది రెట్ల భూతద్దం కింద ఉంగరం మీద మూడు రకాల గుర్తులు కనిపించాయి. మొదటిది, ఉపరితలమంతా అన్ని దిక్కులకూ పరుచుకున్న వెంట్రుకల్లాంటి సన్నని గీతలు. ఇవి దుమ్ము వల్ల వచ్చేవి. గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలత మీద బంగారం 2.5 దగ్గర ఉంటుంది. లోహాలు కలిపాక గట్టిపడుతుంది, కానీ దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7. ఆ రేణువు వేలికీ ఏ పిడికీ మధ్య నలిగినా గీత పడి తీరుతుంది.

రెండోది, అరచేతి వైపు చిన్న చిన్న సొట్టలు, చదునెక్కిన చోట్లు. స్టీలు పిడుల ఒత్తిడి అది.

మూడోది నన్ను ఆపేసింది. ఉంగరం ఒక అంచు మీద, వేలి పైభాగంలో, రంపపు పళ్లలా వరసగా నొక్కులు. రెండో అంచు మీద ఒక్కటీ లేదు. ఆ నొక్కులున్న వైపే వజ్రపుటుంగరం ఉంటుంది. వజ్రం నడుము అంచు దాని పట్టీ కన్నా కాస్త బయటికి పొడుచుకు వచ్చి ఉంది. వేలు కదిలినప్పుడల్లా వజ్రం పక్కనున్న బంగారాన్ని కోస్తోంది. వజ్రం మోస్ 10. దాని ముందు ఏ నగలోహమూ నిలవదు.

ఇది మొదటి రోజే చూశాను, రాసుకున్నాను. రాసుకుని కూడా దాన్ని పట్టించుకోలేదు. ఎందుకంటే ఆవిడ అడిగింది గీతల గురించి, నా చేతిలో మెరుగు చక్రం ఉంది.

మొదటి ప్రయత్నం: మందమైన పూత

నా ఆలోచన ఇలా నడిచింది. పూత రోడియం గట్టిదనం, వికర్స్ అనే ఇంకో కొలతలో 800 దగ్గర ఉంటుంది. 18 క్యారెట్ల తెల్ల బంగారం అందులో నాలుగో వంతు దగ్గర ఉంటుంది, పల్లాడియం అనే లోహం కలిసిన రకాలైతే ఇంకా మెత్తన. ఇంతకుముందు వేసినవాళ్లు బహుశా చాలా పల్చగా వేసుంటారు. నేను ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా మందంగా వేస్తే గట్టి పెంకులా కాపాడుతుంది.

మెరుగు పెట్టి, అల్ట్రాసోనిక్‌లో, ఆవిరితో శుభ్రం చేసి, పూత వేసి ఇచ్చాను. చాలా బాగా వచ్చింది. మూడు వారాలకు ఆవిడ తిరిగొచ్చారు. రంగు చెక్కుచెదరలేదు. గీతలు మాత్రం మళ్లీ పడ్డాయి. పైగా ఇంతకుముందు కన్నా ఎక్కువ కనిపిస్తున్నాయన్నారు. నిజమే, కనిపిస్తున్నాయి.

నా లెక్క ఎక్కడ తప్పిందంటే, పూత గట్టిదే కానీ దాని మందం ఎంత? తల వెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే పూత అందులో డెబ్బయ్యో వంతు. పరుపు మీద గాజు పలక పరిచి దాని మీద నడిచినట్టు ఉంటుంది వ్యవహారం. గాజు గట్టిదే, కింద పరుపు దిగితే అదీ దిగుతుంది. స్టీలు పిడి తగిలినప్పుడు కింది బంగారం నొక్కుకుపోయింది, దాంతో పాటే పూతా వంగింది. ఇసుక రేణువు విషయానికొస్తే అది రోడియం కన్నా గట్టిది. దాన్ని పూత ఎప్పటికీ ఆపలేదు.

గీతలు ఎక్కువ కనిపించడానికి కారణం ఇంకా సులువైనది. అద్దం మీద మొదటి గీత పడినంత స్పష్టంగా ఏదీ కనిపించదు. నేను ఉంగరాన్ని మరింత మంచి అద్దం చేసి ఇచ్చాను.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహ గురించి చెప్పాలి. రోడియం గీతలను పూడ్చదు. అది గోడకు పూసే లప్పం కాదు. కింద ఉన్న ఆకారాన్ని ఉన్నది ఉన్నట్టు అనుసరిస్తుంది, గీత మీద వేస్తే తెల్లటి గీత అవుతుంది. గీతలు పోయేది పూత వల్ల కాదు, పూతకు ముందు మెరుగు చక్రం మీద బంగారాన్ని అరగదీయడం వల్ల. గీత పోవాలంటే దాని అడుగు ఎంత లోతుంటే అంతవరకూ చుట్టూ ఉన్న బంగారమంతా పోవాలి.

ఇంకా మందంగా వేయవచ్చు కదా అని ఆవిడ అడిగారు. వద్దన్నాను. రోడియం మందం పెరిగే కొద్దీ లోపల ఒత్తిడి పెరిగి పగుళ్లు వస్తాయి. అప్పుడు గీతల బదులు పెచ్చులు లేస్తాయి.

రెండో ప్రయత్నం: తీసి పెట్టడం

ఉంగరం పనిలో ఉండకపోతే పనిలో గీతలు పడవు. అందుకని పనికి ముందు తీసి చిన్న సంచిలో వేసి బ్యాగులో పెట్టుకోమన్నాను. సలహా చెప్పేటప్పుడు సబబుగానే అనిపించింది.

ఇది మూడు వారాలు కూడా నడవలేదు. ఒకరోజు సంచి కనిపించక ఆవిడ ఆ పూటంతా వెతుక్కున్నారు. దొరికింది, కానీ ఆ భయం మళ్లీ వద్దనుకున్నారు. ఈలోగా ఆవిడ రెండు ఉంగరాలూ ఒకే సంచిలో వేశారు. తెచ్చి చూపిస్తే ఎప్పుడూ గీతలు పడని లోపలి వైపు కూడా పొడవాటి గీతలున్నాయి. సంచిలో వజ్రం దాని పని అది చేసుకుపోయింది. రెండు అరలున్న పెట్టె అని నేను చెప్పాల్సింది, చెప్పలేదు.

దీని నుంచి నేను తెలుసుకున్నది ఆవిడ అజాగ్రత్త మనిషని కాదు. పెళ్లి ఉంగరం రోజూ తీసి పెట్టే వస్తువు కాదు. వేలికే ఉండాలన్నదే దాని అర్థం. ఆ అర్థానికి అడ్డం పడే సలహా ఎంత సరైనదైనా నిలవదు.

పక్కన పెట్టిన దారులు

ప్లాటినంలో కొత్తది చేయించుకుందామా అన్నది ఆవిడ తర్వాతి ప్రశ్న. ప్లాటినానికీ గీతలు పడతాయి. కాకపోతే గీత పడినచోట లోహం రాలిపోకుండా పక్కకు జరిగి గట్టు కడుతుంది, కాబట్టి అరుగుదల నెమ్మది. రంగు మారదు, పూత అక్కర్లేదు. ఇవన్నీ మంచి గుణాలే. కానీ ఆవిడ బాధ గీతల గురించి. ఆ బాధను అదే బాధ పెట్టే ఇంకో లోహంలోకి మార్చడం న్యాయం అనిపించలేదు. టంగ్‌స్టన్ కార్బైడ్ అయితే సులువుగా గీత పడదు, కానీ పెళుసు. వేలు లావెక్కితే సైజు మార్చలేము.

రెండు ఉంగరాలకూ టంకం వేసి కలిపేయడం ఇంకో దారి. కలిసి కదిలితే ఒకదాన్నొకటి కోసుకోవు. ఎప్పుడూ జంటగా పెట్టుకునేవాళ్లకు నేను ఇదే చెబుతాను. ఈవిడ వజ్రాన్ని అప్పుడప్పుడూ తీస్తారు కాబట్టి కుదరదు.

తూకం

నాకు కొత్తగా ఏమీ తోచక పాత కాగితాలు తెమ్మన్నాను. ఆవిడ కొన్నప్పటి బిల్లు తెచ్చారు. వీలైతే భర్త ఉంగరం కూడా తెమ్మన్నాను, పోల్చి చూద్దామని.

బిల్లు ప్రకారం ఆవిడ ఉంగరం 3.58 గ్రాములు. ఇప్పుడు నా కాటా మీద 3.20. భర్తది బిల్లులో 6.75, ఇప్పుడు 6.70. ఆయన ఉంగరానికి ఆరేళ్లలో ఒక్కసారి కూడా మెరుగు పెట్టించలేదు. స్నానంలో సబ్బు తగలడమే దానికి జరిగిన సేవ.

కాటా తప్పు చూపిస్తోందేమోనని మూడుసార్లు తూచాను. ఆయనది పెద్ద ఉంగరం, తరుగు 50 మిల్లీగ్రాములు. ఆవిడది దాదాపు సగం ఉంగరం, తరుగు 380 మిల్లీగ్రాములు. ఆవిడ పని కఠినమైనదే అయినా వాడకం ఒక్కటే ఇంత తేడా తేదు.

రోజువారీ అరుగుదల ఎంతుంటుందో చెప్పే కొలత ఒకటుంది. వియన్నాకు చెందిన జార్జ్ స్టైన్‌హౌజర్ అనే రసాయన శాస్త్రవేత్త తన పెళ్లి ఉంగరాన్ని ఏడాది పాటు వారం వారం తూచి 2008లో ఫలితాలు ప్రచురించారు. 18 క్యారెట్ల ఉంగరం, బరువు ఐదున్నర గ్రాముల పైచిలుకు. ఏడాదికి పోయింది సుమారు 6 మిల్లీగ్రాములు. ఇసుక బీచ్‌లో సెలవులు గడిపినప్పుడు తరుగు బాగా ఎక్కువ ఉంది. ఆ లెక్కన ఆరేళ్లకు 40 మిల్లీగ్రాముల లోపు. భర్త ఉంగరం దానికి దగ్గరగానే ఉంది.

ఆవిడ ఉంగరంలో వాడకానికి 40, పోనీ కఠినమైన పని అని 60 తీసేసినా 320 మిగులుతుంది. తొమ్మిదిసార్లు వేరే చోట, ఒకసారి నా దగ్గర, మొత్తం పది మెరుగులు. ఒక్కో మెరుగుకు 30 మిల్లీగ్రాముల పైనే. ఉంగరం ఉపరితలం మీద పరిచి చూస్తే ప్రతిసారీ సుమారు 7 మైక్రాన్ల బంగారం పోయింది. ఒక మైక్రాన్ రోడియం వేయడానికి ఏడు మైక్రాన్ల బంగారం తీశాం. భర్త ఉంగరం పట్టీ మందం 1.5 మిల్లీమీటర్లుంటే ఆవిడది పైన 1.4, అరచేతి వైపు 1.2.

ఆవిడకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. నేను చేసిన మెరుగు కూడా అందులో ఉందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే నేను బాగుచేయించుకున్నప్పుడల్లా పోయిందా?" అన్నారు. అవునన్నాను. ఆ మాట అనడం కష్టమైంది.

భర్త ఉంగరం చెప్పినది

తూకం కన్నా పెద్ద ఆశ్చర్యం ఆ తర్వాత వచ్చింది. రెండు ఉంగరాలూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టాను. భర్త ఉంగరం మీద రోడియం జాడ దాదాపు లేదు. ఎప్పుడో మొత్తం అరిగిపోయింది. మెత్తటి బూడిద తెలుపు, దాని మీద వేలకొద్దీ సన్నని గీతలు కలిసిపోయి ఒకే తీరు నెమ్మదైన మెరుపు. ఆరేళ్లుగా ఆయన ఆ రంగు మారిన సంగతే గమనించలేదు. దానికి పూత ఉండేదని కూడా ఆయనకు తెలియదట.

"ఇది నా ఉంగరం లోహమేనా?" అని ఆవిడ అడిగారు. అదే లోహం. అయితే అదెందుకు పసుపుగా లేదు?

జవాబు ఆవిడ ఉంగరం మీదే ఉంది. అరచేతి వైపు పూత అరిగి కింది లోహం బయటపడింది, పక్కనే రోడియం ఉంది. రోడియం తెలుపులో చల్లటి నీలి ఛాయ ఉంటుంది. దాని పక్కన వెచ్చటి బూడిద రంగు ఏదైనా పసుపుగానే కనిపిస్తుంది. కన్ను చూసేది రంగును కాదు, సరిహద్దును. భర్త ఉంగరంలో సరిహద్దు లేదు కాబట్టి పసుపూ లేదు. పదేపదే పూత వేయించడం వల్ల ఆవిడ ఉంగరానికి ఎప్పుడూ ఒక సరిహద్దు ఉంటూనే వచ్చింది.

అక్కడ నాకు తోవ దొరికింది. ఈ ఉంగరానికి పూత అవసరమా?

నిర్ణయానికి ముందు పరీక్ష

పూత తీసేద్దామా వద్దా అన్నది కింద ఏ లోహం కలిసిందన్న దాన్ని బట్టి ఉంటుంది. బంగారాన్ని తెల్లగా మార్చడానికి ఎక్కువగా నికెల్ గానీ పల్లాడియం గానీ కలుపుతారు. నికెల్ కలిపితే గట్టిగా ఉంటుంది, కానీ పూత పోతే చాలా రకాలు లేత పసుపు తేలతాయి. పైగా నికెల్ పడని చర్మానికి దురద, దద్దుర్లు వస్తాయి. అలాంటి ఉంగరానికి పూత అలంకారం మాత్రమే కాదు, అడ్డుగోడ. అది తీయకూడదు. పల్లాడియం కలిపితే లోహం మెత్తన, గీత తొందరగా పడుతుంది, కానీ దాని బూడిద తెలుపు దానికదే నిలబడుతుంది.

డైమిథైల్ గ్లయాక్సైమ్ చుక్కల పరీక్ష చేశాను. నికెల్ ఉంటే దూది గులాబీ రంగు తేలుతుంది. పూత మీద రుద్దితే లోపలి నికెల్ తెలియకపోవచ్చు కాబట్టి పూత అరిగిన అరచేతి వైపే రుద్దాను. రంగు మారలేదు. ఒక్క పరీక్ష మీద ఆధారపడడం ఇష్టం లేక ఏ లోహం ఎంతుందో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం మీద కూడా పెట్టించాను, అదీ పూత లేని చోటే. బంగారం 75 శాతం, పల్లాడియం 13 దగ్గర, మిగతాది వెండి, రాగి. నికెల్ లేదు. బంగారం అసలుదేనా అన్న ఆవిడ మొదటి ప్రశ్నకూ అప్పుడే జవాబు దొరికింది.

పనిలో పనిగా వజ్రపుటుంగరం మీదా చుక్క పరీక్ష చేశాను. దూది గులాబీ రంగు తేలింది. నికెల్ రకం. దాంతో కాళ్లను మళ్లీ భూతద్దం కింద జాగ్రత్తగా చూశాను. ఒక కాలి మొదట్లో వెంట్రుకంత పగులు ఉంది. నికెల్ కలిసిన తెల్ల బంగారానికి బ్లీచ్‌లోని క్లోరిన్ పడదు. రాయిని పట్టుకుని ఒత్తిడిలో ఉండే సన్నని కాళ్లు దానివల్ల లోపల్లోపలే పగులుతాయి, ఒకరోజు ఉన్నట్టుండి విరుగుతాయి. రెండు నెలలుగా ఆవిడా నేనూ గీతల గురించి మాట్లాడుకుంటున్నాం, పక్క ఉంగరంలో వజ్రం ఊడిపడడానికి సిద్ధంగా ఉంది. మొదటిరోజు నొక్కులు చూసినప్పుడే ఆ ఉంగరాన్ని విడిగా చూసి ఉంటే ఇది అప్పుడే దొరికేది. ఈ కేసులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన పొరపాటు ఇదే.

పనిచేసినది

ముందు ఆ కాలు తీసి కొత్తది వేశాను. బ్లీచ్ వాడే పనిలో ఆ ఉంగరం వేలికి ఉండకూడదని గట్టిగా చెప్పాను. పెట్టుకునే రోజుల్లో రెండో చేతికి పెట్టుకోమన్నాను. రెండు ఉంగరాల మధ్య సన్నని పట్టీ ఒకటి పెట్టే దారి కూడా చెప్పాను, కానీ అప్పుడు వజ్రం ఆ పట్టీని కోస్తుంది. ఆవిడ చేయి మార్చడానికే మొగ్గారు.

పెళ్లి ఉంగరం పూత ఒకేసారి తీయలేదు. రోడియం మామూలు ఆమ్లాలకు లొంగదు, అరగదీసే తీయాలి, దాంతో పాటు అరిగిన బంగారం మళ్లీ రాదు. అందుకని అరచేతి వైపు ఒక సెంటీమీటరు మేర మాత్రమే తీసి, అక్కడ మాట్ ఫినిష్ (అద్దంలా మెరవని ముగింపు) ఇచ్చి, రెండు వారాలు పెట్టుకు చూడమన్నాను. నచ్చకపోతే ఆ ముక్కకే మళ్లీ పూత వేస్తే సరిపోతుంది. నమూనా ఫొటోలు చూపించి ఒప్పించడం కన్నా తన వేలి మీద తనే చూసుకోవడం మేలనిపించింది. రెండు వారాల తర్వాత ఆవిడే "మిగతాదీ అలాగే చేసేయండి" అన్నారు.

మెరుగు చక్రం ముట్టుకోలేదు. సన్నని రాపిడి ప్యాడ్‌తో చేత్తోనే, ఉంగరం చుట్టుకొలత వెంట ఒకే దిశలో రుద్దాను. చక్రం నిమిషంలో చేసే పనికి గంట పట్టింది, కానీ ఎంత పోతోందో చేతికి తెలుస్తుంది. ఒకే దిశలో ఎందుకంటే, ఉపరితలం నిండా ముందే సన్నని గీతలుంటే కొత్త గీత వాటిలో కలిసిపోతుంది. దిశ ఉన్న మాట్ అయితే తర్వాత ఆవిడే ఇంట్లో సరిచేసుకోవచ్చు.

అంచు మీది నొక్కుల్ని అరగదీస్తే ఆ వైపు పట్టీ ఇంకా సన్నబడేది. లేజర్‌తో బంగారం నింపవచ్చు, కానీ ఆ లోతుకు అంత పని అక్కర్లేదనుకున్నాను. నున్నటి ఉక్కు కడ్డీతో ఒత్తి రుద్ది, పక్కకు జరిగిన లోహాన్నే తిరిగి లోపలికి తోశాను. ఇలా ఒత్తినచోట లోహం కాస్త గట్టిపడుతుంది కూడా. నొక్కులు పూర్తిగా పోలేదు, వాటి పదును పోయింది. మూడు లోతైనవి అలాగే వదిలేశాను. అవి ఉన్నాయని ఆవిడకు చూపించి మరీ వదిలేశాను.

పని ముగిశాక తూకం 3.19. తరుగు 10 మిల్లీగ్రాములు, అందులో తీసేసిన పాత రోడియం కూడా ఉంది.

తర్వాతి నెలలు

రెండో నెలలో ఫోన్ వచ్చింది. ఇనుప అంచు ఏదో తగిలి ఉంగరం పైన పెద్ద గీత పడిందని, గొంతులో మళ్లీ అదే టెన్షన్. వచ్చి చూపించారు. గీత నిజంగానే పెద్దది, గోరుకు తగులుతుంది. తీసేయడం నాకు ఐదు నిమిషాల పని. దాని లోతు వరకూ పట్టీ చుట్టూ దిగాలంటే ఎంత పోతుందో లెక్కేసి చెప్పి, నెల రోజులు ఆగి చూద్దామన్నాను. అంచులు మాత్రం కడ్డీతో ఒత్తి నునుపు చేశాను, బట్టకు తట్టుకోకుండా. నెల తర్వాత ఆవిడ రాలేదు. నేనే ఫోన్ చేస్తే ఏ గీత గురించి అడుగుతున్నానో గుర్తు చేసుకోవడానికి ఒక క్షణం పట్టింది.

అంతా బాగుందని చెప్పలేను. మొదటి నెలల్లో ఆ చల్లటి తెల్లని తళుకు లేని లోటు తెలిసిందని ఆవిడ అన్నారు. మాట్ ఫినిష్ కూడా శాశ్వతం కాదు. వేళ్లు ఆనుకునే చోట రుద్దుకుని నున్నగా అవుతుంది. అద్దం మెరుగు వాడకంలో మసకబారుతుంది, మాట్ వాడకంలో మెరుస్తుంది. రెండూ కొన్నేళ్లకు మధ్యలో ఒకేచోట కలుస్తాయి. భర్త ఉంగరం ఉన్నది అక్కడే. ఆరో నెలలో ఆవిడ ఒకసారి ప్యాడ్‌తో తనే రుద్దుకున్నారు.

పద్నాలుగో నెలలో తూకం 3.18. అంచు మీద కొత్త నొక్కులు లేవు. కొత్త కాలు గట్టిగా ఉంది.

ఈ కేసు తర్వాత నా బెంచ్ మీద మారినవి

మెరుగుకు వచ్చిన ప్రతి ఉంగరాన్నీ పనికి ముందూ తర్వాతా తూచి, రెండు అంకెలూ చీటీ మీద రాసి ఇస్తున్నాను. ఇది ఇంతకుముందు ఎందుకు చేయలేదంటే ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. తరుగు గురించి కొత్త నగ చేసేటప్పుడు అంత పట్టింపుగా మాట్లాడుకునే మనం, మరమ్మతులో పోయే బంగారం గురించి మాట్లాడుకోం.

గీతల గురించి వచ్చినవాళ్లను పక్క ఉంగరం కూడా తీసి ఇవ్వమంటున్నాను. గీతలు ఏ దిక్కుగా ఉన్నాయి, ఏ అంచున ఉన్నాయి అన్నది చూడకుండా చక్రం ఆన్ చేయను. గీత ఎలా పడిందో చెప్పే సాక్ష్యం ఆ గీతే, మెరుగు పెట్టగానే అది పోతుంది.

రంగు సమస్యనూ గీతల సమస్యనూ విడదీసి అడుగుతున్నాను. రంగు ఒక్కటే బాధ అయితే కొన్నిసార్లు శుభ్రం చేసి, అరగదీయకుండా పూత ఒక్కటే వేయవచ్చు. గీతలు అలాగే ఉంటాయని ముందే చెప్పాలి. గీతలే బాధ అయితే ఫినిష్ మార్చడం గురించి మాట్లాడతాను. కొనబోయేవాళ్లు అడిగితే పల్లాడియమా నికెలా అన్నది రాయించుకోమని, రోజూ చేతిపని ఉన్నవాళ్లను అద్దం మెరుగు కాకుండా మాట్ తీసుకోమని చెబుతున్నాను.

పూత తీసేయడం అందరికీ కుదరదు. ఈ మధ్యే ఇంకొకరు ఇదే అడిగారు. చుక్క పరీక్షలో దూది గులాబీ అయింది, ఆయనకు గడియారం పట్టీ కిందా దద్దుర్లు వస్తాయట. ఆ ఉంగరానికి పూత ఉంచాను, లోపలి వైపు కూడా వేశాను. పైన ఉన్న గీతలు తీయకుండా, ఏడాదికోసారి పూత మాత్రమే వేసేట్టు మాట్లాడుకున్నాం.

ఆవిడ ఉంగరం అరచేతి వైపు ఇప్పటికీ 1.2 మిల్లీమీటర్లే. ఒకటికి తగ్గితే ఆ సగం పట్టీ కోసి కొత్తది అతకాలని చీటీ మీద రాశాను. ఏడాదికి ఒక మిల్లీమీటరులో వందో వంతు కూడా పోవడం లేదు కాబట్టి ఆ రోజు ఇప్పట్లో రాదు. తర్వాతి తూకం వచ్చే ఏడాది ఇదే నెలలో. భర్త ఉంగరం కూడా తెస్తానన్నారు.